‘ప్రాక్టీస్ చెయ్యి’ అంటే ఏం చెయ్యాలి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందుగదిలోనే నేను పిల్లలకి పియానో నేర్పుతాను. ఒక శనివారం సాయంత్రం నాలుగో తరగతి చదివే పాపని తీసుకుని వాళ్ళమ్మ కూడా లోపలికొచ్చింది. "ఇంట్లో అసలు కూర్చోవట్లేదండీ, రోజూ నేను అరవాల్సి వస్తోంది, మీరైనా కాస్త గట్టిగా చెప్పండి" అంది. పాప తల దించుకుని ఫ్రాకు అంచు నలుపుతూ నిలబడింది. నేను గట్టిగా ఏమీ చెప్పలేదు. "ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేస్తావో అలాగే ఇక్కడ చెయ్యమ్మా, నేను ఇక్కడ లేననుకో" అన్నాను.

పాట మొదటినుంచి ఎత్తుకుంది. పాటని తాళం లెక్కన సమానమైన చిన్న ముక్కలుగా విడగొట్టి రాస్తారు, ఒక్కో ముక్క ఒక బార్. అయిదో బార్‌లోకి వచ్చి ఆగిపోయింది. ఆగినచోట రెండు మూడుసార్లు తడుముకుని, ఎలాగో దాటేసి, చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ అయిదో బార్‌లో అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగి "అయిపోయింది మిస్" అంది.

ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. చెప్పిన మాట విన్నది కూడా. ‘ప్రాక్టీస్ చెయ్యి’ అన్నారు, ప్రాక్టీస్ అంటే పాటని మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు వాయించడమే అనుకుంది, వాయించింది. ఇంతకంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఆమాటకొస్తే నేనూ అప్పటిదాకా సరిగ్గా చెప్పలేదు. హోంవర్కు పుస్తకంలో పాట పేరు రాసి, పక్కన ‘ప్రాక్టీస్’ అని రాసి పంపేశాను, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకి మూడుసార్లు చొప్పున వారంలో దాదాపు ఇరవై సార్లు వాయిస్తే, ముందునుంచీ బాగా వచ్చిన మొదటి నాలుగు బార్లూ ఇరవై సార్లు ప్రాక్టీసయ్యాయి. ఆగిపోవడం కూడా ఇరవై సార్లు ప్రాక్టీసయింది. వేళ్ళకి ఇది తప్పు, ఇది ఒప్పు అని తెలియదు, ఏది ఎక్కువసార్లు చేయిస్తే అది గుర్తుపెట్టుకుంటాయి. అంటే వారం తిరిగేసరికి ఆ పిల్ల అయిదో బార్‌లో ఆగడంలో ఆరితేరిపోయింది. ఆపైన క్లాసుకొస్తే టీచరు "ఏమ్మా, ప్రాక్టీస్ చెయ్యలేదా?" అని అడుగుతుంది. చేసింది కదా మరి! చేసినా చెయ్యకపోయినా ఒకటే మాట పడుతున్నప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లయినా, ఎనభై ఏళ్ళ పెద్దయినా ఎందుకు చేస్తారు?

మనందరి బుర్రల్లో ఒక వరస ఉండిపోయింది. ముందు ఇష్టం ఉండాలి, ఇష్టముంటే సాధన చేస్తారు, సాధన చేస్తే వస్తుంది, అని. అందుకే పిల్లలు కూర్చోకపోతే "వీడికి ఇంట్రస్ట్ లేదండీ" అనేస్తాం. ఇన్నేళ్ళు నేర్పాక నాకు అర్థమైంది ఏమిటంటే చిన్నపిల్లల విషయంలో ఈ వరస చాలాసార్లు తిరగబడి ఉంటుంది. ముందు ఏదో ఒక చిన్న ముక్క రావాలి. అది వచ్చినట్టు వాళ్ళ చెవికే తెలియాలి. అప్పుడు ఇష్టం పుడుతుంది, ఆ ఇష్టం వాళ్ళని రేపు మళ్ళీ స్టూలు మీద కూర్చోబెడుతుంది. కాబట్టి ‘పిల్లల్ని ఎలా మోటివేట్ చెయ్యాలి’ అని అడిగేవాళ్ళని నేను ముందు వేరే ప్రశ్న అడుగుతాను. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ పిల్లకి ఏం కొత్తగా వచ్చింది? అది తనకి వినిపించిందా?

ఆ పాప దగ్గరకే వద్దాం, ఎందుకంటే అసలు విషయమంతా ఆ రెండు బార్లలో ఉంది. ఆ పాటలో కుడిచెయ్యి సీ నుంచి మెట్టు మెట్టుగా పైకెళ్ళి ఏ దాకా చేరాలి. మన స్వరాల్లో చెప్పాలంటే స నుంచి ద దాకా, ఆరు స్వరాలు. చేతికి వేళ్ళు అయిదే. పాప బొటనవేలు స మీద పెట్టి, రి గ మ ప వరసగా అయిదు వేళ్ళతో వాయించేసింది. చిటికెనవేలు ప మీదకి వచ్చేసింది. ఇక ద నొక్కడానికి వేలు లేదు! అందుకే ఆగింది. నాలుగో బార్‌లో స రి గ మ, అయిదో బార్‌లో ప ద. ఆగింది అయిదో బార్‌లో, తప్పు జరిగింది నాలుగో బార్ చివర్లో. గ దాకా మూడు వేళ్ళు వాడాక, నాలుగో వేలు వెయ్యకుండా, బొటనవేలిని చేతి కిందనుంచి దూర్చి మ మీద పెట్టాలి. అప్పుడు మ ప ద కి మళ్ళీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు సరిపోతాయి, ఇంకా రెండు వేళ్ళు మిగులుతాయి కూడా.

పాప వారమంతా ద దగ్గర పోరాడింది. అక్కడ ఎంతసేపు కొట్టినా రాదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. ఈ సంగతి తల్లిదండ్రులు కూడా గుర్తుపెట్టుకుంటే చాలా అరుపులు తగ్గుతాయి. పియానోలో పిల్ల ఆగేచోటు ఒకటి, తప్పు ఉండేచోటు ఇంకొకటి. సాధారణంగా ఒకటి రెండు స్వరాల ముందే ఉంటుంది.

"గ, మ. ఈ రెండే వాయించు" అన్నాను. మధ్యవేలు, బొటనవేలు. బాగా నెమ్మదిగా. మొదటిసారి మోచెయ్యి రెక్కలా పైకి లేచింది, చాలామంది పిల్లలకి లేస్తుంది. మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి, అది నాకు బరువుగా తగిలేలా వదిలెయ్యమన్నాను. నాలుగోసారికి బొటనవేలు తనంతట తనే కిందనుంచి జారింది. తర్వాత గ మ ప, తర్వాత రి గ మ ప ద. తర్వాత నాలుగో బార్ మొదటినుంచి అయిదో బార్ చివరిదాకా. మొత్తం నాలుగైదు నిమిషాలు. ద మీద మధ్యవేలు పడగానే పిల్ల టక్కున ఆగి నా మొహంలోకి చూసింది, నేనింకా నోరు తెరవకముందే మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకోసారి వాయించింది. నేను అడగలేదు, వాళ్ళమ్మ అరవలేదు. మోటివేషన్ అని మనం పెద్ద పేరు పెట్టుకునేది ఆ ‘ఇంకోసారి’నే.

దీని మీద నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2009లో ప్రచురించారు. పియానో బాగా చదువుకున్న 17 మంది విద్యార్థులకి ఒక కష్టమైన చిన్న ముక్క, మూడు బార్లు, ఇచ్చి ఇష్టమొచ్చినంతసేపు సాధన చెయ్యమన్నారు, మర్నాడు వాయించి చూపించమన్నారు. బాగా వాయించినవాళ్ళు ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళు కాదు, ఎక్కువసార్లు వాయించినవాళ్ళూ కాదు. అందరూ తప్పులు చేశారు, ముందు వరసలో నిలిచినవాళ్ళు కూడా చేశారు. తేడా ఏమిటంటే వాళ్ళు తప్పు రాగానే అది ఎక్కడుందో సరిగ్గా పట్టుకుని, వేగం తగ్గించి, అక్కడికక్కడే సరిచేసి, అది నిలబడేదాకా వదల్లేదు. పెద్ద విద్యార్థుల సంగతే ఇలా ఉంటే, తప్పు ఎక్కడుందో వెతకడం తెలియని చిన్నపిల్లకి ‘అరగంట కూర్చో’ అంటే ఏం ఒరుగుతుంది?

అరగంట అన్నాను కాబట్టి టైము సంగతి కూడా చెప్పుకుందాం, తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది అదే. ఆరేడేళ్ళవాళ్ళకి పది నిమిషాలు చాలు, తొమ్మిది పదేళ్ళకి ఇరవై, అది నా అనుభవం, రాతిమీద గీత కాదు. అంతకంటే ముఖ్యమైంది రోజూ కూర్చోవడం. మన ఊళ్ళో స్కూలు బస్సు దిగేసరికి నాలుగు నాలుగున్నర, ఆపైన ట్యూషను, కొందరికి డాన్సు, కొందరికి అబాకస్, ఇవన్నీ అయ్యేసరికి పిల్లలు వాడిపోతారు. అందుకని చాలామంది ‘ఆదివారం గంటన్నర ఒకేసారి చేయించేస్తాం’ అంటారు. చెయ్యించకండి. వేళ్ళు నేర్చుకున్న కదలిక కూర్చున్నప్పుడే గట్టిపడిపోదు, తర్వాత కొంత, నిద్రలో కొంత కుదురుకుంటుంది. రోజూ పావుగంట చొప్పున ఆరు రోజులు చేస్తే మధ్యలో ఆరు రాత్రులు దొరుకుతాయి. ఆదివారం గంటన్నరకి ఒక్క రాత్రే. పైగా గంటన్నరలో చివరి గంట పిల్ల అలసిపోయి తప్పులనే గట్టిపరుచుకుంటుంది. పాలు తాగగానే, ట్యూషన్‌కి వెళ్ళేముందు, ఇలా రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి దాన్ని ముడిపెడితే ‘ఇప్పుడా తర్వాతా’ అన్న పేచీ సగం పోతుంది.

పదివేల గంటలు సాధన చేస్తే ఏ విద్యైనా వచ్చేస్తుందనే లెక్క కూడా నాకు తరచూ వినిపిస్తుంటుంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన నుంచి పుట్టిన మాట అది. అక్కడ మేటి విద్యార్థులకి ఇరవై ఏళ్ళు వచ్చేసరికి సగటున అన్ని గంటల సాధన అయ్యుంటుందని లెక్కకొచ్చింది, అంతేగాని పదివేల గంటలు పూర్తిచేస్తే ఎవరైనా విద్వాంసులైపోతారని వాళ్ళు చెప్పలేదు. వాళ్ళు లెక్కపెట్టిన సాధన కూడా ఊరికే వాయించుకుంటూ పోవడం కాదు, రాని ముక్క మీద మనసు పెట్టి ఒంటరిగా చేసే పని, అది అలసట తెప్పిస్తుంది. ఏడేళ్ళ పిల్లని ఆ అంకెతో భయపెట్టడం అన్యాయం.

ఇక ఇంట్లో పియానో ఎక్కడుంది? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నేను చూసిన ఇళ్ళలో సగం గొడవ ఇక్కడే ఉంది. కీబోర్డు కొంటారు, దుమ్ము పడుతుందని కవరు కట్టి, అట్టపెట్టెలో పెట్టి, బీరువా ఎక్కిస్తారు. ఇప్పుడు పిల్ల వాయించాలంటే నాన్న ఆఫీసునుంచి రావాలి, కుర్చీ వేసుకుని దించాలి, అడాప్టరు వెతకాలి, దివాన్ మీద పరవాలి. అప్పటికి పిల్లకి వచ్చిన ఉత్సాహం కాస్తా ఎప్పుడో పోయింది. స్టాండు వేసి, వైరు గుచ్చి, మూత తీసి హాల్లో ఉంచండి. నడుస్తూ నడుస్తూ రెండు స్వరాలు నొక్కి వెళ్ళే పిల్ల, మెల్లిగా కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్లో పక్కవాళ్ళకి ఇబ్బంది అనుకుంటే హెడ్‌ఫోన్ ఉంది, కాకపోతే రోజూ హెడ్‌ఫోన్లోనే వాయిస్తే ఇంట్లో ఎవరూ వినరు, వినేవాళ్ళు లేకపోవడం పిల్లలకి పెద్ద లోటు.

వాయిద్యం కూడా ముఖ్యమే. పూర్తి పియానోకి 88 కీస్, 52 తెల్లవి, 36 నల్లవి. మొదటి ఏడాది రెండేళ్ళు 61 కీస్ ఉన్న కీబోర్డు మీద గడిచిపోతుంది, అందులో తప్పేం లేదు. కానీ ఎలా నొక్కినా ఒకే శబ్దం వచ్చే చవక కీబోర్డు మాత్రం కొనకండి. పియానో పుట్టిందే ఆ తేడా కోసం. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టొఫోరి అనే ఆయన తయారుచేసిన ఈ వాయిద్యానికి ‘పియానోఫోర్టే’ అన్న పేరు ఎందుకొచ్చిందంటే మెల్లగానూ, గట్టిగానూ కూడా పలుకుతుంది కాబట్టి. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే అది తీగని మీటేది, వేలు ఎంత బలంగా వేసినా ధ్వనిలో తేడా పెద్దగా ఉండేది కాదు. పియానోలో తీగని చిన్న సుత్తి కొడుతుంది, వేలు ఎలా వేస్తే అది అలా బదులిస్తుంది. పిల్ల జోలపాటని మెల్లగా వాయించాలని ప్రయత్నిస్తుంటే కీబోర్డు అదే గొంతుతో అరుస్తుంటే, ఆ ప్రయత్నానికి జవాబు రానట్టే. జవాబు చెప్పనివాళ్ళతో ఎవరు ఎక్కువసేపు మాట్లాడతారు?

నిజమైన పియానో ఉన్న ఇళ్ళవాళ్ళకి ఇంకో మాట. మన ఊరి సముద్రపు గాలి దానికి మంచిది కాదు. తేమకి చెక్క ఉబ్బి వానాకాలంలో కొన్ని కీస్ కింద ఇరుక్కుపోతాయి, తీగలకి తుప్పు పడుతుంది, శ్రుతి జారుతుంది. బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఒకింట్లో పిల్లవాడు ఒకే స్వరం దగ్గర రోజూ తడబడుతుంటే వెళ్ళి చూశాను. నొక్కిన కీ పైకి లేవట్లేదు, అంతే. వాడు మాత్రం నెలరోజులుగా తన వేలిదే తప్పనుకుంటున్నాడు. ఏడాదికి కనీసం ఒకసారైనా శ్రుతి చేయించండి, కిటికీ పక్కన పెట్టకండి.

చాక్లెట్ల సంగతికి వద్దాం. "ఇరవై నిమిషాలు వాయిస్తే ఫోన్ ఇస్తా" అనే ఒప్పందం చాలా ఇళ్ళలో నడుస్తుంది, అలసిపోయిన అమ్మానాన్నల్ని నేను తప్పుపట్టలేను. కానీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే మంచిది. 1973లో మార్క్ లెపర్, మరో ఇద్దరు అమెరికాలో నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడం అప్పటికే ఇష్టమున్న పిల్లలు. కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత అవే పెన్నులు మామూలుగా గదిలో పెడితే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటితో గడిపారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఆ నష్టం రాలేదు. అంటే బహుమతి విషం కాదు. ‘ఇది చేస్తే అది’ అనే బేరం పిల్లకి ఒక సంగతి చెప్పేస్తుంది, ఈ పని దానికదే చెయ్యదగ్గది కాదు, అందుకే కూలి ఇస్తున్నారు అని. ఇంకా ఏ ఇష్టమూ పుట్టని మొదటి వారాల్లో ఒక స్టిక్కరు ఇచ్చి కూర్చోబెట్టడం వేరు, నేనూ ఇస్తాను. ఇష్టంగా వాయించుకునే పిల్లకి డబ్బాశ చూపించడం వేరు. పాట పూర్తయిన రోజు అనుకోకుండా అందర్నీ ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళండి, అది వాళ్ళు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

మనిషి ఒక పనిని తనంతట తాను చెయ్యడానికి ఏం కావాలన్నది ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చదివారు. వాళ్ళు మూడు చెప్తారు. నాకు చేతనవుతోంది అన్న నమ్మకం, ఇందులో నా మాటకి చోటుంది అన్న భావన, నావాళ్ళు నాతో ఉన్నారు అన్న ధైర్యం. మొదటిదాని గురించే ఇంతసేపు మాట్లాడాను, ఎందుకంటే అదే ఎక్కువగా దెబ్బతింటుంది. మిగతా రెండూ మన ఇళ్ళలో ఎలా ఉన్నాయో చూద్దాం.

తన మాటకి చోటు అంటే పాట ఎంచుకోవడం. చాలామంది టీచర్లు సినిమా పాట అనగానే మొహం చిట్లిస్తారు. నా క్లాసులో మూడు పాటలు నడుస్తుంటే ఒకటి పిల్ల ఎంచుకున్నది ఉంటుంది, అది ఏ సినిమాదైనా సరే. దాని రిథమ్ ఒక్కోసారి పుస్తకంలో పాటకంటే చాలా కష్టంగా ఉంటుంది, అయినా తను అడిగిన పాట కాబట్టి పిల్ల దానిమీద పడి కూర్చుంటుంది. ఇంకా చిన్న చిన్న ఎంపికలు కూడా ఉన్నాయి. ముందు స్కేల్, అంటే స్వరాల వరస, వాయిస్తావా పాట వాయిస్తావా, ఇవాళ ఎడమచెయ్యా కుడిచెయ్యా. ఇంత చిన్నదానికే వాళ్ళ మొహం మారుతుంది.

నావాళ్ళు అన్న విషయంలో మన విశాఖలో నేను గమనించిందొకటి చెప్పాలి. ఇక్కడ చెవితో విని టక్కున వాయించగల కుర్రాళ్ళలో చాలామంది చర్చిలో పెరిగినవాళ్ళు. క్వయర్, అంటే చర్చి పాటల బృందం, పాట ఎత్తుకుంటుంది, ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ముందు తెలియదు, రెండు లైన్లు అయ్యేలోపు కార్డ్స్, అంటే పాటకి తోడుగా కలిపి నొక్కే స్వరాలు, పట్టుకోవాలి. ఆదివారం వచ్చి తీరుతుంది, జనం పాడి తీరతారు. వాళ్ళని ప్రాక్టీస్ చెయ్యమని ఎవరూ చెప్పక్కర్లేదు. మరోపక్క సంగీతంలో గ్రేడ్ పరీక్షలకి తయారయ్యే పిల్లలు నోట్స్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చక్కగా చదువుతారు, వేళ్ళు పద్ధతిగా ఉంటాయి, కానీ ఇంటికొచ్చిన బంధువు "ఏదీ, ఒకటి వాయించు" అంటే పుస్తకం లేదని తలుపు వెనక దాక్కుంటారు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి ఇవ్వాలని నా తాపత్రయం. చర్చి కుర్రాళ్ళకి నోట్స్ చదవడం, పరీక్ష పిల్లలకి ఎవరికోసమైనా వాయించే సందర్భం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఊళ్ళో చాలా రోజులు కరెంటు లేదు. పిల్లల కీబోర్డులన్నీ మూగబోయాయి. మా ఇంట్లో పియానోకి కరెంటుతో పనిలేదు కాబట్టి వీధిలో పిల్లలు సాయంత్రం వచ్చేసేవారు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, చీకట్లో చెయ్యడానికి ఇంకేం పని ఉంది. కొవ్వొత్తి వెలుగులో పుస్తకం సరిగ్గా కనపడదు, చూడకుండా వాయించాల్సిందే. మార్కులు లేవు, క్లాసు లేదు, వాయించేవాళ్ళూ వినేవాళ్ళూ ఉన్నారు. ఏడాదిగా బతిమాలితే గానీ స్టూలెక్కని ఒక పిల్లాడు ఆ వారంలో మూడు పాటలు కంఠతా వాయించేశాడు.

తోడు అనగానే అమ్మానాన్నలకి సంగీతం రావాలేమో అని భయపడతారు. అక్కర్లేదు. ఒకింట్లో అమ్మమ్మగారికి పియానో నోట్స్ తెలియవు, చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకున్నారు. ఆ వరసలు నేర్పే రాగం మాయామాళవగౌళని పియానో మీద సీ నుంచి వాయిస్తే చూడటానికే బాగుంటుంది. సరిగమలో ఎక్కడ దగ్గర, ఎక్కడ దూరమో, పదనిసలో కూడా అచ్చం అలాగే ఉంటుంది, మధ్యలో నల్ల కీస్ రెండే. మనవరాలు దాన్ని వాయిస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని తొడమీద ఆదితాళం వేస్తారు. "ఏటే, అంత తొందరేటి, తాళం వదిలేసి పోతున్నావు" అని ఆవిడ అంటే ఆ పిల్ల ఉడుక్కోదు, నవ్వుతుంది. నేను టిక్ టిక్ మంటూ లయ చెప్పే మెట్రోనోమ్ పెడితే మాత్రం ఏడుస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన పద్ధతిలో మూడు కాలాలు అంటే వేగం రెట్టింపవుతూ పోతుంది. తాళం మారదు, దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. దానివల్ల లోపల లయ గట్టిపడుతుంది. కానీ పియానో మీద కొత్త ముక్క వేళ్ళకి పట్టించాలంటే రెట్టింపు దూకుడు పనికిరాదు. మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలెట్టి 64, 68 అంటూ ఎక్కాలి, తడబడితే ఒక మెట్టు దిగాలి. లయకి అమ్మమ్మ, వేళ్ళకి మెట్రోనోమ్, రెండూ ఉంటే అదృష్టమే.

అమ్మానాన్నలు చెయ్యకూడనిది ఒకటే, వంటింట్లోంచి "తప్పు!" అని అరవడం. ఆ పిల్లకి తప్పని తెలుసు, ఎందుకో తెలియదు. దానికి బదులు కూర్చునేముందు "ఇవాళ ఏ రెండు బార్లు?" అని అడగండి. లేచేముందు "ఇప్పుడు ఏది వచ్చింది, వాయించు, వింటాను" అనండి. ‘సూపర్, వెరీగుడ్’ కంటే ‘నిన్న ఆగినచోట ఇవాళ ఆగలేదు’ అన్న మాట పిల్లలకి ఎక్కువ రోజులు పనిచేస్తుంది, ఎందుకంటే అది నిజంగా విన్నవాళ్ళు మాత్రమే అనగల మాట. జపాన్‌లో వయొలిన్ గురువు షినిచి సుజుకి పిల్లలు మాతృభాష నేర్చుకున్నట్టే సంగీతమూ నేర్చుకోగలరని నమ్మి, అమ్మానాన్నల్ని కూడా క్లాసులో కూర్చోబెట్టేవారు. ఆలోచించి చూస్తే, ‘అమ్మ’ అన్న మాటని పిల్లలు ఎన్ని వందలసార్లు విన్నాక అంటారు! నేర్చుకోబోయే పాటని ఇంట్లో, కారులో ఊరికే వినిపిస్తూ ఉండండి. చెవిలో ఉన్న పాట వేళ్ళకి తొందరగా దిగుతుంది.

రెండో ఏడాది గురించి ప్రత్యేకంగా చెప్పాలి, చాలామంది మానేసేది అప్పుడే. మొదటి మూడు నెలల్లో వారానికో కొత్త పాట వస్తుంది, పిల్ల ఎగురుతుంటుంది. తర్వాత రెండు చేతులూ వేరువేరు పనులు చెయ్యాల్సి వస్తుంది, రెండు వరసల నోట్స్ ఒకేసారి చదవాలి, ఒక పాటకి అయిదారు వారాలు పడుతుంది. పిల్ల నిజానికి ముందుకంటే ఎక్కువ నేర్చుకుంటోంది, కానీ తనకి మాత్రం ఆగిపోయినట్టు అనిపిస్తుంది. దీనికి నేను రెండు పనులు చేస్తాను. కష్టమైన పాట పక్కన ఎప్పుడూ ఒకటి రెండు రోజుల్లో వచ్చేసే తేలికపాట ఒకటి ఇస్తాను, ‘ఇంత చిన్నదా’ అన్నా సరే. రెండోది, నెలకోసారి ఫోన్లో రికార్డు చేయిస్తాను. అక్టోబరులో వాయించింది జనవరిలో వినిపిస్తే పిల్లలు తమని తాము నమ్మలేక నవ్వేస్తారు. "అది నేనేనా మిస్?" అంటారు.

గ్రేడ్ పరీక్షల మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వీటిని పెట్టేవి లండన్ సంగీత సంస్థలు. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్లు చెడ్డవి కావు. ట్రినిటీలో నూటికి 60 వస్తే పాస్, 75కి మెరిట్, 87కి డిస్టింక్షన్. ఒక తేదీ ఉంటుంది, బయటివాళ్ళు విని మార్కులేస్తారు, కొందరు పిల్లలకి ఆ గడువు బాగా పనిచేస్తుంది. గొడవ ఎక్కడొస్తుందంటే పరీక్షలో వాయించేవి మూడు పాటలు, కాబట్టి ఏడాదంతా ఆ మూడే రుద్దుతారు. పక్కింటి పాప గ్రేడ్ 3 అయిపోయిందని మన పిల్లని తొందరపెడతారు. సర్టిఫికెట్ వస్తుంది, ఆ మూడూ తప్ప నాలుగో పాట రాదు, కొత్త కాగితం ముందు పెడితే చదవలేదు. ఆ స్థాయిలో కనీసం పదిహేను ఇరవై చిన్నపాటలు హాయిగా వాయించాక గానీ నేను ఫారం నింపను. దీనికి నామీద అలిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు, అయినా మార్చుకోను.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, పియానో మూతపడుతుంది. పూర్తిగా ఆపెయ్యకండని మాత్రం అడుగుతాను. కొత్తవి నేర్చుకోకపోయినా ఫరవాలేదు, వచ్చిన పాటలే రాత్రి పది నిమిషాలు వాయించుకోనివ్వండి. ఆ పది నిమిషాలు చదువుకి అడ్డం రావు, ఆ వయసులో పిల్లలకి టెన్షన్ దించుకునే చోటు ఒకటి కావాలి. ఇవన్నీ చేసినా పిల్లకి మనసు లేకపోతే, తబలా అడిగితే, ఈత అడిగితే, మార్చండి. ఒకటే షరతు, బాగా విసిగిపోయిన వారంలో ఆ నిర్ణయం తీసుకోకండి, ఒక పాట పూర్తిగా వచ్చిన వారంలో అడగండి. అప్పుడూ వద్దంటే నిజంగానే వద్దు.

ఆ నాలుగో తరగతి పాప సంగతి చెప్పి ఆపుతాను. ఇప్పుడు నేను హోంవర్కు రాయడం మానేశాను. క్లాసు చివర్లో పుస్తకం వాళ్ళకే ఇచ్చి, రేపు ఏం చెయ్యాలో వాళ్ళనే రాసుకోమంటాను. పోయిన శనివారం ఆ పిల్ల వెళ్ళిపోయాక పుస్తకం బల్లమీదే మర్చిపోయిందని తెరిచి చూశాను. పెన్సిలుతో, అక్షరాలు కొంచెం వంకరగా, ఇలా రాసుంది: ‘5 వచ్చేసింది. 11 దగ్గర ఆగుతున్నా. తప్పు 10లో ఉందేమో చూడాలి.’